పిల్లలతో విశాఖ వస్తున్నారా? లిస్టు కాస్త పక్కన పెట్టండి

మాది పెదవాల్తేరు. ఏటా మే నెలలో హైదరాబాద్ నుంచి మా తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు మా ఇంటికి వస్తారు. వాళ్ళు రైలు దిగేసరికే తమ్ముడి ఫోన్‌లో పెద్ద లిస్టు ఉంటుంది, అందులో అరకు కూడా! పిల్లలు వెంట ఉన్నప్పుడు పొద్దున ఒక చోటు, సాయంత్రం ఒక చోటు చాలు. మధ్యాహ్నం అన్నం తిని పడుకోనివ్వండి.

సముద్రానికి తెల్లవారుజామునే వెళ్ళాలి. మేలో ఐదున్నరకల్లా సూర్యుడు నీళ్ళ మీదకి వచ్చేస్తాడు కాబట్టి ఐదింటికే ఇల్లు కదలండి. ఎనిమిది దాటితే ఉక్కపోత మొదలవుతుంది, పిల్లలు చిరాకుపడతారు.

ఆర్‌కే బీచ్‌లో ఇసుకలో ఆడుకోనివ్వండి గానీ నీళ్ళలోకి మాత్రం దింపకండి. అక్కడ నాలుగడుగులు వేస్తే చాలు, లోతు వచ్చేస్తుంది. వెనక్కి పోయే అల కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది. ఓ ఏడాది మా మేనల్లుడు మోకాలి లోతులోనే పడిపోయాడు. పక్కనే వల సర్దుకుంటున్న జాలరి ఒకాయన చెయ్యి పట్టి లాగాడు. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి. స్నానం చేయాలంటే రుషికొండకు వెళ్ళండి. అక్కడ కూడా లైఫ్‌గార్డులు ఉన్న మేరలోనే, మీ చెయ్యి పిల్లల చేతిలో ఉండాలి.

సాయంత్రం కురుసుర చూపించండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001 వరకు పనిచేసిన సబ్‌మెరైన్ ఇది. ఇప్పుడు బీచ్ రోడ్డు పక్కన మ్యూజియంగా ఉంది. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరడం పిల్లలకు భలే ఇష్టం. అంత ఇరుకులో మనుషులు ఎలా పడుకునేవాళ్ళో, ఎక్కడ వండుకునేవాళ్ళో వాళ్ళనే అడగనివ్వండి. సోమవారం సెలవు, అది చూసుకుని రండి. ఎదురుగానే టీయూ-142 విమానం ఉంది, ఓపిక ఉంటే అదీ చూడొచ్చు. కైలాసగిరికి రోప్‌వేలో వెళ్తే పిల్లలకు సరదా, పైనుంచి తీరమంతా కనిపిస్తుంది.

నన్నడిగితే మాత్రం ఒక రోజంతా భీమిలి దారికే ఇవ్వాలి. ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం, ఎక్కడ బండి ఆపినా బాగుంటుంది. పొద్దున చల్లగా ఉండగానే తొట్లకొండ ఎక్కండి. రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారం అది. కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి, ఆ పేరు వాటి వల్లే వచ్చింది. ఎర్రమట్టి దిబ్బల్లో గాలీ వానా కోసిన సన్నటి దారులు ఉంటాయి. పిల్లలు దాగుడుమూతలకు పరుగెడతారు, కానీ దిబ్బలు ఎక్కి తొక్కనివ్వకండి, మట్టి తవ్వనివ్వకండి. అవి పాడైతే మళ్ళీ రావు. భీమిలిలో లైట్‌హౌస్, డచ్ వాళ్ళ పాత సమాధులు చూశాక గోస్తని నది సముద్రంలో కలిసే చోట కాసేపు కూర్చోండి. బొర్రా గుహల దగ్గర పారే నీళ్ళు ఇవేనని చెబితే మా మేనకోడలు నమ్మలేదు, తర్వాతి ఏడాది బొర్రా వెళ్ళి చూసే వచ్చింది.

దారిలో తాటిముంజలు కనిపిస్తే వదలకండి. మధ్యాహ్నం భోజనంలోకి కోనెం చేప వేపుడు చెప్పండి, మిగతా చోట్ల వంజరం అనేది ఇదే. చిన్నపిల్లలకు ముళ్ళ బెడద తక్కువ. సాయంత్రం బీచ్‌లో ముంత మసాలా కొంటే కారం తక్కువ వేయమని ముందే చెప్పండి.

సంచిలో పెట్టుకోవలసింది ఒకటుంది: పౌడరు డబ్బా. ఒంటికి తడి ఇసుక పట్టేస్తే ముందు ఆరనిచ్చి, పౌడరు చల్లి మెత్తటి గుడ్డతో తుడవండి. ఇసుక జలజలా రాలిపోతుంది, కారు సీట్లూ శుభ్రంగా ఉంటాయి.