ఈ-సంజీవని ద్వారా ఇంటి నుంచే వైద్య సలహా: దరఖాస్తు విధానం

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ నిర్వహిస్తున్న ఈ-సంజీవని సేవ ద్వారా రోగి ఇంట్లోనే ఉండి వైద్యులతో వీడియో కాల్‌లో మాట్లాడి, మందుల చీటీని ఫోన్‌లోనే పొందవచ్చు. మొహాలీలోని కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ రూపొందించిన ఈ వేదికలో, రోగులు నేరుగా సంప్రదించే ఓపీడీ విభాగం 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ సమయంలో మొదలైంది. రుసుము ఏమీ లేదు. అయితే ఛాతీనొప్పి, ఆయాసం, పక్షవాత లక్షణాల వంటివి కనిపిస్తే ఈ సేవ కోసం ఎదురుచూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ముందుగా ఈ-సంజీవని వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ మొబైల్ నంబరు ఇచ్చి, వచ్చిన ఓటీపీని నమోదు చేసి, రోగి వివరాలు నింపాలి. అమ్మానాన్నల కోసం పిల్లలు నమోదు చేసేటప్పుడు ఫోన్ ఎవరిదైనా, పేరు, వయసు మాత్రం రోగివే రాయాలి, ఎందుకంటే మందుల చీటీ ఆ వివరాలతోనే వస్తుంది. 14 అంకెల ఆభా సంఖ్య, అంటే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు, తీసుకోవడం ఐచ్ఛికమే అయినా, పాత రికార్డులన్నీ ఒకచోట చేర్చుకోవడానికి అది ఉపయోగపడుతుంది కనుక దీర్ఘకాలిక రోగులు తీసుకోవడమే మేలు. ఆధార్‌తో ఆభా పొందాలంటే ఓటీపీ ఆధార్‌కు అనుసంధానమైన నంబరుకే వస్తుంది కాబట్టి, ఆ సిమ్ ఇప్పుడూ పనిచేస్తోందో లేదో ముందే చూసుకోవాలి.

తరువాత రోగ లక్షణాలు రాసి, పరీక్షల రిపోర్టులు జతచేసి, టోకెన్ తీసుకుని తమ వంతు వచ్చేవరకు వేచి ఉండాలి. వైద్యుడు చేయిపట్టి చూడలేని చోట ఆయనకు ఆధారం మీరిచ్చే సమాచారమే గనుక అసలు శ్రద్ధ ఇక్కడే అవసరం. రిపోర్టును మడతలు లేకుండా పరచి, వెలుతురులో, తేదీతో సహా అంకెలన్నీ చదవగలిగేలా ఫొటో తీయాలి. షుగర్ రోగులైతే పరగడుపున, భోజనం తరువాత చూసిన రీడింగులను తేదీలవారీగా రాసి ఉంచుకోవాలి. వాడుతున్న మాత్రల పేర్లు గుర్తు తెచ్చుకుని చెప్పడం కన్నా, స్ట్రిప్‌లనే కెమెరా ముందు పట్టుకుని చూపించడం మంచిది. చిన్నపిల్లల విషయంలో పెద్దవారు పక్కన ఉండి తీరాలి.

స్మార్ట్‌ఫోన్ లేనివారు దగ్గరలోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరానికి, అంటే తెలంగాణలో పల్లె దవాఖానకు, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌కు వెళ్లవచ్చు. అక్కడి సిబ్బంది బీపీ, షుగర్ చూసి, ఆ వివరాలతో పెద్ద కేంద్రంలోని వైద్యునితో మాట్లాడిస్తారు. ఒంటరిగా ఉండే వృద్ధులకు ఇంటి నుంచి చేసే కాల్ కన్నా ఇదే నమ్మదగిన మార్గం.

2020 మార్చి 25న వెలువడిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, నేరుగా చూడనిదే చికిత్స చెప్పలేనని వైద్యుడు భావిస్తే ఆసుపత్రికి రమ్మని చెప్పవచ్చు. మత్తు కలిగించే కొన్ని రకాల మందులను ఈ పద్ధతిలో రాయడానికి వీల్లేదు. కాల్ ముగిశాక వచ్చే చీటీపై రోగి పేరు, వైద్యుని రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకుని, దానిని ఫోన్‌లో భద్రపరచి, మళ్లీ సంప్రదించినప్పుడు తప్పక జతచేయాలి.