డెబియన్‌లో డెస్క్‌టాప్ వేశాక వచ్చే తిప్పలు: నల్ల తెర నుంచి తెలుగు డబ్బాల దాకా

లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ 12ను డెస్క్‌టాప్ (విండోలు, ఐకాన్లు ఉండే తెర) లేకుండా పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, తర్వాత కావలసినంతే వేసుకునేవాళ్ల కోసం ఇది. ర్యామ్ 2 జీబీ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌లలో ఏదైనా సరే. ఆ రెంటి మధ్య తేడా కోసం బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, ర్యామ్‌ను అసలు మింగేది బ్రౌజర్. 1 జీబీయే ఉంటే ఐస్‌డబ్ల్యూఎం లాంటి విండో మేనేజర్‌తో (విండోలను మాత్రం చూసుకునే చిన్న ప్రోగ్రాముతో) సరిపెట్టుకోవాలి.

సమస్య: రీబూట్ చేసినా నల్ల తెర మీద అక్షరాల లాగిన్ మాత్రమే.

లాగిన్ తెర చూపించే డిస్‌ప్లే మేనేజర్ లేకపోవడమే ఎక్కువసార్లు కారణం. చోటు కలిసొస్తుందని "నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్" ఆప్షన్ (సిఫారసు చేసిన అదనపు ప్యాకేజీలు వద్దని చెప్పేది) వాడితే ఎక్స్‌ఎఫ్‌సీఈ4తో పాటు రావలసిన ఎక్స్‌ఆర్గ్ (తెర మీద విండోలు గీసే ప్రోగ్రాము) కూడా రాదు. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఆర్గ్ లైట్‌డీఎం" కొట్టి రీబూట్ చేయండి; ఇందులో లైట్‌డీఎం అనేదే డిస్‌ప్లే మేనేజర్. అప్పటికీ అంతే అయితే "సుడో సిస్టమ్‌సీటీఎల్ సెట్-డిఫాల్ట్ గ్రాఫికల్.టార్గెట్" ఇవ్వండి.

లైట్‌డీఎం నడుస్తున్నా తెర ఖాళీగానే ఉంటే /వార్/లాగ్/ లోని ఎక్స్‌ఆర్గ్.0.లాగ్ తెరిచి, (EE) అనే గుర్తున్న, అంటే తప్పులు చెప్పే, వరుసలు చదవండి. ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్న మెషీన్లలో తరచూ ఫర్మ్‌వేర్ (చిప్ నడవడానికి కావలసిన చిన్న సాఫ్ట్‌వేర్) లోటు కనిపిస్తుంది. ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో రాసి ఉండే సోర్సెస్.లిస్ట్‌లో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగం చేర్చి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, ఫర్మ్‌వేర్-ఏఎండీ-గ్రాఫిక్స్ ప్యాకేజీ వేయాలి.

సమస్య: పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా మళ్లీ లాగిన్ తెరే వస్తుంది.

కంట్రోల్+ఆల్ట్+ఎఫ్2 నొక్కి అక్షరాల తెరలో లాగిన్ అవ్వండి. ముందు "డీఎఫ్ -హెచ్" చూడండి: డిస్క్ నిండితే సెషన్ మొదలవదు, "సుడో ఆప్ట్ క్లీన్" కొంత చోటు ఇస్తుంది. చోటు ఉంటే హోమ్ ఫోల్డర్‌లో తెర వాడే అనుమతి ఉంచే .ఎక్స్‌అథారిటీ ఫైలు ఎవరి పేరు మీద ఉందో చూడండి. రూట్ (అడ్మిన్) హక్కులతో తెర ప్రోగ్రాములు నడిపితే అది రూట్ చేతికి పోవచ్చు. సుడోతో ఆ ఫైలు తీసేస్తే చాలు, తర్వాతి లాగిన్‌లో కొత్తది పుడుతుంది.

సమస్య: వైఫై ముందు పనిచేసేది, ఇప్పుడు ఐకాన్‌లో నెట్‌వర్కులే కనబడవు.

ఇన్‌స్టాలర్ మీ వైఫై వివరాలను /ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో రాసేసింది. అందులో పేరున్న కార్డును నెట్‌వర్క్ మేనేజర్ (ఆ ఐకాన్ వెనక పనిచేసే ప్రోగ్రాము) ముట్టుకోదు. ఆ కార్డు వరుసల ముందు # పెట్టి ("lo" అనే పేరున్న వరుసలు కదపొద్దు), నెట్‌వర్క్ మేనేజర్‌ను రీస్టార్ట్ చేసి, పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వండి. అదే వైఫై మీద ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి ఈ పని చేస్తే మాత్రం మధ్యలో లైను తెగుతుంది. మెషీన్ ముందు కూర్చునే చేయండి.

సమస్య: తెలుగు చోట డబ్బాలు.

ఫాంటు లేదు. "ఫాంట్స్-తెలు" ప్యాకేజీ వేసి బ్రౌజర్ మూసి తెరవండి. టైపింగ్‌కు ఐబస్ (కీబోర్డు భాష మార్చే ప్రోగ్రాము), ఐబస్-ఎం17ఎన్ వేసి, "ఐఎం-కాన్ఫిగ్ -ఎన్ ఐబస్" ఇచ్చి లాగౌట్ అయి రండి. ఈ లాగౌట్ మరిచిపోయి ఐబస్ పనిచేయదనుకునేవాళ్లే ఎక్కువ.

సమస్య: నాలుగు ట్యాబులకే మెషీన్ బిగుసుకుపోతుంది.

ర్యామ్‌లోని డేటాను కుదించి చోటు చేసే జీర్యామ్-టూల్స్ వేసి, /ఈటీసీ/డిఫాల్ట్/జీర్యామ్‌స్వాప్ ఫైల్లో పర్సెంట్ విలువ 50 పెట్టి, జీర్యామ్‌స్వాప్ సర్వీసును రీస్టార్ట్ చేయండి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి కంపోజిటర్ (విండోలకు నీడల్లాంటి హంగులు ఇచ్చేది) ఆపితే పాత గ్రాఫిక్స్ చిప్‌కు బరువు తగ్గుతుంది. ఇన్ని చేసినా డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతుంటే, హార్డ్ డిస్క్ బదులు చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించండి.