ఊళ్లో బీపీ ఉన్నవాళ్ల చేత ఉప్పు తగ్గించడం ఎలా?

"ఉప్పు తగ్గించండి" అని చెప్పి వచ్చేస్తే ఎవరూ తగ్గించరు. ఆ మాట వాళ్లు ఇదివరకే చాలాసార్లు విని ఉంటారు. ఆశా కార్యకర్తలకైనా, ఇంట్లో బీపీ ఉన్న పెద్దవాళ్లున్న పిల్లలకైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు బీపీ సరిగ్గా చూడాలి. ఎండన పడి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టకండి, ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. అంతకుముందు అరగంటలో టీ, చుట్ట, బీడీ తాగి ఉండకూడదు. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90, ఆపైన వస్తుంటే పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పంపండి. డాక్టరు రాసిన మాత్రలు మానమని మాత్రం చెప్పొద్దు.

తర్వాత తిండి సంగతి. ఉప్పు ఎంత తింటావని అడిగితే "కొంచెమేనమ్మా" అంటారు. అదే "పెద్దమ్మా, నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నావు?" అని అడగండి. చద్దన్నంలో ఆవకాయ, పప్పులోకి ఊరమిరపకాయలు, రాత్రి మజ్జిగలో ఉప్పు, అన్నీ బయటికొస్తాయి. వంట కోడలిదైతే ఆమెనూ కూర్చోబెట్టుకోవాలి. లేకపోతే మీ మాట వంటింటి దాకా పోదు.

ఇక ప్యాకెట్ లెక్క. పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూనుకు కాస్త తక్కువే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ లెక్కన నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు 50 రోజులు రావాలి. పచ్చళ్లలో ఉప్పూ ఒంట్లోకే పోతుంది కాబట్టి, ప్యాకెట్ ఇంకా ఎక్కువ రోజులే రావాలి. ప్యాకెట్ విప్పిన రోజే దానిమీద తేదీ రాయించండి. ఇరవై రోజులకే ఖాళీ అయితే వేరే ఉపన్యాసం అక్కర్లేదు. (పశువులకు వేసే ఉప్పు, చేపలు కడిగే ఉప్పు విడిగా పెట్టించండి, లేదంటే లెక్క తప్పుతుంది.)

ఒకసారికి ఒక్కటే మార్చండి, అదీ వాళ్లే ఎంచుకోవాలి. ఆవకాయ మానేయమంటే మళ్లీ మిమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వరు. "మజ్జిగలో ఉప్పు మానతావా, రాత్రిపూట పచ్చడి మానతావా?" అని అడగండి. కూరల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తూ, నిమ్మరసమో చింతపులుసో కాస్త పెంచితే కొన్ని వారాల్లో నాలుక సర్దుకుంటుంది. మామూలు ఉప్పుకు బదులు వాడే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం (శ్రీకాకుళం జిల్లా) లాంటి చోట్ల మరీ జాగ్రత్త.

రెండు వారాలకు మళ్లీ వెళ్లండి. మాట తప్పారని కోప్పడకండి, ఎప్పుడు తప్పిందో కనుక్కోండి. పెళ్లి భోజనంలో అయితే వదిలేయండి. రోజూ రాత్రే తప్పుతుంటే ఆ మార్పు వాళ్లకు కుదరలేదన్నమాట, ఇంకోటి ఎంచుకోమనండి. మళ్లీ బీపీ చూసి, ఆ అంకె వాళ్ల బీపీ కార్డు మీద వాళ్ల ముందే రాయండి.