దొర–దేశీ పెళ్ళిళ్ళ కథల మీద సెమినార్ పేపర్ రాయడం ఎలా?

తిరుపతిలో ఎంఏ ఇంగ్లీషు పిల్లలకి ఈ టాపిక్ అంటే భలే ఇష్టం, దొర మనమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడంటే సినిమా మాదిరి ఉంటుంది కదా. ఇష్టం మంచిదే, పేపర్ చూస్తేనే తలనొప్పి. సగం పేజీలు బ్రిటిష్ వాళ్ళు ఇండియాకి ఎట్లా వచ్చారనే ఉంటుంది, తర్వాత కంపెనీ దొర మన్రో తిరుమల గుడికి ఇచ్చిన గంగాళం కథ, కంపెనీ వాళ్ళు 1843 దాకా తిరుమల గుడి వ్యవహారాలు చూసుకున్నారని ఒక పేరా. నిజమే నాయనా, దానికీ నీ టాపిక్‌కీ ఏంది సంబంధం? లోకల్ టచ్ అంట.

కావాల్సింది ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్, మూడు కథలు. మూడంటే మూడే, నాలుగోది తీసుకుంటే పేపర్ చెడిపోతుంది. అన్నీ కాపీరైట్ తీరిపోయినవే, నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, జిరాక్స్ షాపులో ప్రింట్ తీసుకోండి, ఫోన్‌లో చదివితే చదివినట్టే కాదు. నేను చెప్పే సెట్ ఇది: మెడోస్ టేలర్ నవల 'సీత' (1872), కిప్లింగ్ కథ 'వితౌట్ బెనిఫిట్ ఆఫ్ క్లర్జీ' (1890), కాన్రాడ్ నవల 'ఆల్మేయర్స్ ఫాలీ' (1895).

ఒకసారి మామూలుగా చదవండి. రెండోసారి పెళ్ళి, బిడ్డ, చావు ఉండే పేజీలు మాత్రం చదివి గీతలు పెట్టుకోండి.

తర్వాత రెండు కాలమ్‌లు, కథ జరిగిన కాలం ఒకటి, పుస్తకం వచ్చిన ఏడు ఒకటి. 'సీత' కథ నడిచేది 1857 గొడవల్లో, పుస్తకం వచ్చింది 1872లో. భారత క్రైస్తవ వివాహ చట్టం కూడా 1872లోనే వచ్చింది కాబట్టి దాన్ని తెచ్చి కథలోని పెళ్ళికి అంటగట్టేవాళ్ళు ఉన్నారు, అది చదివేవాళ్ళకి సంబంధించిన చట్టం గానీ పాత్రలకి కాదు.

థియరీ ఇప్పుడే ముట్టుకోవద్దు. హైబ్రిడిటీ, అంటే రెండు సంస్కృతులు కలిసిపోయి కొత్తది పుట్టడం, ఆ మాట మొదటి పేజీలోనే వేసేసి కింద చూస్తే అది మదనపల్లె టమాటా విత్తనాల గురించా, మనుషుల గురించా తెలియకుండా రాస్తారు. థియరీ ముందు పెట్టుకుని కథ చదివితే కథలో అదే కనపడుతుంది, వేరేది కనపడదు. ముందు కథ, తర్వాతే థియరీ, కొందరు మేడమ్‌లు ఒప్పుకోరు, పర్లేదు.

ఇప్పుడు అసలు కష్టమైన పని. ఈ పెళ్ళి ఒక చోట తెగుతుంది. యాడ తెగింది, ఎవరు పోతే తెగింది, తెగినందుకు దొరకి ఏ ఇబ్బంది తప్పింది, ఇవి పట్టుకోవాలి. అందరూ బోల్తాపడేది ఇక్కడే కాబట్టి మెల్లగా పోండి.

'సీత'లో బ్రాండన్ అనే ఇంగ్లీషు ఆఫీసరు సీత అనే విధవను హిందూ పద్ధతిలో చేసుకుంటాడు, తోటి ఇంగ్లీషు వాళ్ళ లెక్కలో అది పెళ్ళే కాదు. ఆయన మీదికొచ్చిన బల్లెం తను తీసుకోని ఆమె చచ్చిపోతుంది, తర్వాత ఆయన గ్రేస్ అనే ఇంగ్లీషమ్మాయిని చేసుకుంటాడు. మనోళ్ళు ఇక్కడ 'త్యాగం' అని రాసి ఆపేస్తారు. ఆపొద్దు. ఆమె బతికుంటే ఇంగ్లండుకి ఎట్లా తీసుకుపోవాలి, బిడ్డ పుడితే ఆ బిడ్డ ఎవరి లెక్కలోకి వస్తుంది, ఇదంతా రచయిత రాయాల్సి వచ్చేది, ఒక్క బల్లెంతో తప్పించుకున్నాడు.

కిప్లింగ్ దగ్గర ఇంకా జాగ్రత్త. ఇంగ్లీషు ఆఫీసరు హోల్డెన్‌కి పగలు ఆఫీసు బతుకు, రాత్రి ముస్లిం అమ్మాయి అమీరా ఇల్లు. బిడ్డ జ్వరంతో పోతాడు, అమీరా కలరాతో పోతుంది, చివరికి ఆ ఇల్లు కూడా కూలగొట్టేస్తారు. ఎవరూ ఎవర్నీ చంపలేదు కాబట్టి సహజమే కదా అనిపిస్తుంది. కలరా ఆ రోజుల్లో దొరలకీ వచ్చింది, కానీ కథలో ఎవరికి రావాలనేది రాసేవాడి చేతిలో పని. ఈ సంగతి రాయకుండా 'విషాద ప్రేమకథ' అని రాస్తే ఆ పేపర్ నా దగ్గరికి తేవద్దు.

కాన్రాడ్‌ది రివర్స్. డచ్చాయన ఆల్మేయర్ డబ్బు ఆశతో మలయ్ అమ్మాయిని చేసుకుంటాడు. ఆమె చావదు, కూతురు నీనా తనకి నచ్చినవాడితో వెళ్ళిపోతుంది, నాశనమయ్యేది ఆయనే. అందుకే మూడోదిగా దీన్ని పెట్టమంటా, లేకపోతే 'ప్రతి కథలో ఆడమనిషే చస్తుంది' అని రూల్ రాసేస్తారు.

రచయిత జాతివాది అని ఒక్క ముక్కలో తేల్చేయడం కూడా కుదరదు. టేలర్ నిజాం కొలువులో పనిచేసినాయన, ఆయన భార్య మేరీ పామర్ నాయనమ్మ ఫైజ్ బక్ష్ బేగం. అంత దగ్గరగా తెలిసినాయనే సీతని బతకనియ్యలేదు, ఎందుకు అనేదే మీ ప్రశ్న.

ఒక నిజం పెళ్ళిని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. హైదరాబాద్ రెసిడెంట్, అంటే నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్, ఆయన చేసుకున్న హైదరాబాద్ అమ్మాయి ఖైరున్నిసా. ఆయన 1805లో పోయాడు, ఆమె 1813 దాకా ఉంది, పిల్లలిద్దర్నీ ఆయన బతికుండగానే ఇంగ్లండు పంపించేసినారు. నిజంలో పోయింది దొర, మిగిలింది బిడ్డలు దూరమైన తల్లి. మన మొదటి రెండు కథల్లో అట్లాంటి తల్లి ఉందేమో వెతకండి, ఉండదు.

ఇంక రాసేయడమే. పది పేజీలు దాటొద్దు, కథకి మూడు పేజీలు, చివర పేజీలో కిర్క్‌పాట్రిక్. స్పైరల్ బైండింగ్ వద్దు, స్టేపుల్ చాలు.