గంటస్తంభం దగ్గర పరువు పోకుండా కారుకి సైలెన్సర్ మార్చడం ఎలా

నాది పోలో జీటీ టీఎస్ఐ, పాత 1.2 టర్బో ఇంజను, 105 హార్స్‌పవర్. దీన్ని స్పోర్ట్స్ కారంటే నవ్వేవాళ్లు నవ్వుకోండి, విజయనగరం రింగు రోడ్డు మీద మాత్రం అది స్పోర్ట్స్ కారే. దీనికి సైలెన్సర్ రెండుసార్లు మార్చాను, మొదటిసారి తప్పుగా, రెండోసారి కాస్త బుర్ర పెట్టి. మధ్యలో పోయిన డబ్బు లెక్క ఇంట్లో ఇప్పటికీ తెలీదు. ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు కాబట్టి అంతా ఒకచోట రాసేస్తున్నా.

ముందు చేదు సంగతి. కంపెనీ ఇచ్చిన దాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ హద్దు దాటితే 190(2) కింద 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మీద వేటు కూడా. పోలీసులు పీకిన సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా మారిస్తే రేపు క్లెయిము దగ్గర పేచీ రావచ్చు. కాబట్టి ఇది తెలిసి చేసే పని, తెలీక జరిగిందని తర్వాత చెప్తే ఎవరూ వినరు. సిరిమానోత్సవం జనంలో టపటపలాడించాలని ఉన్నవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

ఇంజను నుంచి వెనక్కి వస్తే మొదట సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే మానిఫోల్డు, ఆ పొగ ఊపుతో తిరిగి ఇంజనులోకి గాలి నెట్టే టర్బో, దాన్నుంచి దిగే డౌన్‌పైపు, అక్కడే పొగలో విషం తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (షెడ్డుల్లో క్యాట్ అంటారు), తర్వాత మధ్యలో చిన్న డబ్బా, అదే రెజొనేటర్, చివర పెద్ద డబ్బా. చివరి డబ్బా ఒక్కటే మారిస్తే యాక్సిల్ బ్యాక్. క్యాట్ వెనక నుంచి మొత్తం మారిస్తే క్యాట్ బ్యాక్. క్యాట్‌ని మాత్రం ముట్టుకోకండి. దానికి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి, క్యాట్ పీకేస్తే వెనక సెన్సర్ ఇంజను కంప్యూటర్‌కి చాడీ చెప్తుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, స్కానర్ పెడితే పీ0420 అని, అంటే క్యాట్ సరిగా పనిచేయట్లేదని కోడ్ వస్తుంది. విషపు పొగ సరే, ఆ కంపు సిగ్నల్ దగ్గర అద్దం దించగానే మీకే కొడుతుంది.

పవర్ ఎంత పెరుగుతుందని అందరూ అడిగే ప్రశ్న. కంప్యూటర్ ట్యూనింగ్ (ఇంజను కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చడం) లేకుండా క్యాట్ బ్యాక్ ఒక్కటే వేస్తే చిన్న టర్బో ఇంజనుకి వచ్చేది వేళ్ల మీద లెక్కపెట్టే గుర్రాలు, సీట్లో కూర్చున్నవాడికి తెలిసేంత కూడా కాదు. టర్బో వెనక గాలికి అడ్డు తగ్గితే టర్బో కాస్త చురుగ్గా అందుకుంటుంది, అది నిజం. అలాగని మూడంగుళాల పైపు వేస్తే వేగం పెరగదు, మోత పెరుగుతుంది. ఈ సైజు ఇంజనుకి రెండుంపావు అంగుళం చాలు, ట్యూనింగ్ చేయించే ఆలోచన ఉంటే రెండున్నర. టర్బో లేని కారైతే పైపు మరీ లావు చేస్తే లోపల గాలి నడక మందగించి, కింది స్పీడులో లాగే బలం తగ్గుతుంది కూడా.

ఇక నా తప్పు. మొదటిసారి రోడ్డు పక్క ఒక షెడ్డులో మధ్య డబ్బా కోయించేసి నేరుగా పైపు అతికించాను. షెడ్డు ముందు రేజ్ చేసి వింటే అబ్బో అనిపించింది. ఆ ఆదివారం అమ్మని అరసవల్లి తీసుకెళ్లాను. నాతవలస దగ్గర హైవే ఎక్కి స్పీడు ఒకచోట నిలవగానే కారు లోపల బుయ్యిమని ఒకటే గుయ్యారం. రణస్థలం దాటేసరికి అమ్మ దూది అడిగింది. దర్శనం అయ్యాక "నాను బస్సులో వచ్చేత్తాను, నువ్వు నీ రైసుమిల్లు తోలుకొని రా" అంది. ఎందుకలా జరిగిందంటే, ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరిగితే సెకనుకి 40, నాలుగు సిలిండర్ల ఇంజను చుట్టుకి రెండుసార్లు మండుతుంది కాబట్టి సెకనుకి 80 దెబ్బలు. హ్యాచ్‌బ్యాక్ డిక్కీ అలాంటి దెబ్బలకి డోలులా మోగుతుంది. ఆ మోతను మింగడానికే కంపెనీవాడు మధ్య డబ్బా పెట్టాడు, మనం దాన్నే కోయించి తూకానికి వేసేస్తాం! అందుకే కొనేటప్పుడు రెజొనేటర్ ఉన్న సెట్టే కొనండి, అది లేకుండా తక్కువకి వస్తోందని కక్కుర్తి పడకండి. వీలైతే అదే సైలెన్సర్ ఉన్న కారులో హైవే మీద ఒక అరగంట కూర్చుని చూడండి. ఫోన్లో వీడియో చూసి కొంటే ఈ గుయ్యారం అందులో వినపడదు.

లోహం సంగతి మన జిల్లాల్లో మరీ ముఖ్యం. భీమిలి, చింతపల్లి, కళింగపట్నం అంటూ వారం వారం సముద్రం వైపు తిరిగే కారుకి ఉప్పుగాలి కింది నుంచి తినేస్తుంది. మామూలు ఇనుప పైపుకి పెయింటు వేసి అమ్మేవి రెండు వానాకాలాలు గడిచేసరికి చిల్లులు పడతాయి. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ అడగండి. అందులో క్రోమియం 18, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. 409లో క్రోమియం 11 శాతం లెక్కన ఉంటుంది, పైన తుప్పు రంగు వస్తుంది గానీ అదీ బాగానే మన్నుతుంది. జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లండి, 409కి గట్టిగా అంటుకుంటుంది, 304కి అంటుకోదు, వంపుల దగ్గర కొద్దిగా లాగితే లాగొచ్చు. ఒక మెలిక ఉంది, మేడ మెట్ల రెయిలింగులకి వాడే 202 స్టీలు కూడా అయస్కాంతానికి అంటుకోదు, కానీ తొందరగా తుప్పు పడుతుంది. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి, రాయనంటే లేచి వచ్చేయండి. వంపుల దగ్గర పైపు నలిగి సన్నబడిందేమో వేలితో తడిమి చూడండి, మంచి వంపు లోపల కూడా గుండ్రంగానే ఉంటుంది.

సొంతంగా చేయిస్తానంటే ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాడు కావాలి. సాలూరు లారీ షెడ్డుల్లో మేస్త్రిల చేతిపని చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది, కానీ మందపాటి ఇనుము అతికే పద్ధతి వేరు, పల్చటి స్టెయిన్‌లెస్ పైపు వేరు. 304కి 308 రాడ్డు వాడుతున్నాడో లేదో అడగండి. కారుకింద పైపు నిలిచేలా వెల్డింగ్ చుక్కలు మాత్రం పెట్టించి, పైపు బయటికి తీసి పూర్తి వెల్డింగ్ చేయించండి. ఆ చుక్కలకైనా సరే, కారు మీద మంట పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి.

బిగింపు. కారు పూర్తిగా చల్లారాక, ఇంటి ముందు జాకీ మీద కాకుండా పిట్ ఉన్నచోట గానీ లిఫ్టు మీద గానీ చేయించండి, జాకీ ఒక్కదాన్నే నమ్మి కారుకింద దూరడం చావుతో పరాచికం. ముందురోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే ఆయిలు కొట్టండి. పైపుని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు కోయక్కర్లేదు, సబ్బు నీళ్లు రాస్తే జారి వచ్చేస్తాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో చాలా మోడళ్లకి మధ్య నుంచి వెనక దాకా ఒకే పైపు వస్తుంది, ఎక్కడ కోయాలో పైపు మీద చిన్న నొక్కులుంటాయి. వాటిని వెతక్కుండా రంపం పెట్టనివ్వకండి. కొత్తది ముందు నుంచి వెనక్కి అన్నీ వదులుగా తగిలించి, పైపు బాడీకి ఎక్కడా తగలకుండా వేలెడు సందు ఉందని, చివర బంపరు మధ్యలో సరిగ్గా కూర్చుందని చూసుకున్నాకే ముందు నుంచి ఒక్కో క్లాంపు బిగించాలి. గాస్కెట్ పాతది వాడకండి. హీట్ షీల్డు రేకులు గలగలలాడుతున్నాయని పీకేసే మెకానిక్‌లుంటారు, ఒప్పుకోవద్దు. ఊళ్ల దగ్గర రోడ్డు మీద చోళ్లు, ఉలవలు నూర్పిడికి పరుస్తారు కదా, ఆ గడ్డి వేడి పైపుకి చుట్టుకుంటే కారు అంటుకుంటుంది. పైపు కంపెనీదానికంటే కిందికి వేలాడకూడదు కూడా, మన స్పీడ్ బ్రేకర్లు ఎవరి కొలతతో వేస్తారో ఆ దేవుడికే తెలియాలి.

స్టార్ట్ చేసి, కారు ఇంకా చల్లగా ఉండగానే వెనక గొట్టానికి మందపాటి గుడ్డ కొన్ని సెకన్లు అడ్డం పెడితే, జాయింట్ల దగ్గర లీకుంటే సుస్సుమని వినిపిస్తుంది. అక్కడ సబ్బు నీళ్లు పోస్తే బుడగలొస్తాయి. సెన్సర్ల దగ్గర లీకుంటే బయటి గాలి లోపలికి చొరబడి కంప్యూటర్ లెక్క తప్పుతుంది, పెట్రోలు వృథా. మొదటి పది నిమిషాలు కొద్దిగా పొగ వస్తుంది, కొత్త పైపుకున్న ఆయిలు కాలడమే, కంగారు పడకండి. ఓ 200 కిలోమీటర్లు తిరిగాక క్లాంపులన్నీ మళ్లీ ఒకసారి బిగించుకోండి. నేనైతే సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి దిగొచ్చి బిగించాను, రెండు క్లాంపులు వదులయ్యే ఉన్నాయి.

పాత సైలెన్సర్‌ని పాత ఇనుము వాడికి మాత్రం వేసేయకండి. కారు అమ్మేటప్పుడు కొనేవాడు ఒరిజినల్ అడుగుతాడు, పోలీసులు ఆపి మార్చమంటే మళ్లీ అదే తగిలించాలి. నాది మొదటిది కోయించేశాను కాబట్టి సెకండ్ హ్యాండుది వెతికి కొన్నాను. అది ఇప్పుడు గోనెసంచిలో చుట్టి మా అటక మీద ఉంది, అదేమిటని నాన్న అడిగితే ఫ్రెండుదని చెప్పాను.