తంబూరా శ్రుతి మీద నాలుగు గొంతులు: గుంటూరులో చిన్న గాత్రబృందాన్ని కట్టే విధానం

పదహారో శతాబ్దపు ఐరోపాలో వాద్యాల తోడు లేకుండా నాలుగైదు గొంతులు వేర్వేరు వరుసల్లో ఒకేసారి పాడిన సంగీతాన్నీ, మన కాలపు స్వరకర్తలు అలాంటి చిన్న బృందాల కోసమే రాస్తున్న సంగీతాన్నీ గుంటూరులోనో విజయవాడలోనో పాడదామనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, ఇక్కడ అలాంటి శిక్షణ ఎక్కడుంది అన్నది. శిక్షణ ఉంది, అయితే రెండు చోట్ల సగం సగంగా ఉంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి శ్రుతి ప్రాణం. పక్క గొంతు వేరే వరుస పాడుతుంటే తన వరుసను నిలబెట్టుకోవడం మాత్రం వారికి అలవాటు లేదు. చర్చి క్వైర్లలో పెరిగినవారికి సొప్రానో (ఆడవారి పై గొంతు), ఆల్టో (ఆడవారి కింది గొంతు), టెనర్ (మగవారి పై గొంతు), బాస్ (మగవారి కింది గొంతు) అనే నాలుగు పార్టులు, అంటే వరుసలు, చిన్ననాటి నుంచీ తెలుసు. కీబోర్డు ఆగిందంటే మాత్రం వారి శ్రుతి జారుతుంది. ఈ ఇద్దరినీ ఒక గదిలోకి చేర్చి, ఒకరి విద్యను ఇంకొకరికి అందించగలిగితే బృందం తయారైనట్టే. గుంటూరులో లూథరన్ చర్చిల పాట ఉంది, విజయవాడలో ఘంటసాల పేరు మీద ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. మధ్య దూరం గంట ప్రయాణం.

బృందాన్ని నలుగురితో మొదలుపెట్టండి, ఆరుగురిని దాటనివ్వకండి. పార్టుకు ఒక్కరే ఉంటే ప్రతి వరుసా విడిగా, స్పష్టంగా వినిపిస్తుంది. ముగ్గురుంటే గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇద్దరే ఉన్నప్పుడు వారి మధ్య ఉన్న రవ్వంత తేడా కూడా చెవికి గుచ్చుకుంటుంది. కాబట్టి ఎనిమిది మందిని హడావిడిగా పోగుచేయడం కంటే మంచి గొంతులు నాలుగు దొరికే వరకు ఆగడమే మేలని నా అభిప్రాయం. నలుగురంటే తక్కువని చిన్నబుచ్చుకోవలసిన పనీ లేదు. ఇంగ్లీషు స్వరకర్త విలియం బర్డ్ 1592, 1595 సంవత్సరాల మధ్య మూడు, నాలుగు, ఐదు గొంతులకు ఒక్కొక్కటిగా మూడు మాస్‌లు అచ్చువేయించాడు. మాస్ అంటే కాథలిక్ ఆరాధన పాఠానికి కట్టిన సంగీతం. కాథలిక్ ఆరాధన నిషిద్ధమైన నాటి ఇంగ్లండులో అవి ఇళ్లలో రహస్యంగా కూడుకునే కొద్దిమంది కోసం చేసిన రచనలు.

గొంతులను ఎంచేటప్పుడు 'మీ శ్రుతి ఎంత?' అని అడిగితే సగం సంగతి తెలుస్తుంది. ఒకటో శ్రుతిలో ('సి' స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని) పాడుతూ మంద్ర (కింది స్థాయి) పంచమాన్ని గొణుగుడుగా కాక నిండుగా పలికించగల మగవారు బాస్‌కు పనికివస్తారు. ఆడవారిలో ఎక్కువమంది ఐదున్నర, ఆరు శ్రుతుల్లో (జి షార్ప్, ఏ) పాడతారు కనుక వారికి అలవాటైన పరిధి ఆల్టోకు చక్కగా సరిపోతుంది. కొరత వచ్చేది సొప్రానోకే. తార (పై స్థాయి) పంచమం దాటి ఇంకా పైకి బలవంతం లేకుండా వెళ్లగల గొంతు కోసం చర్చి క్వైర్లలో వెతకండి. దొరకకపోతే పాటను ఒక స్వరమో, ఒకటిన్నర స్వరమో దించి పాడడంలో తప్పేమీ లేదు. పదహారో శతాబ్దంలో అందరికీ ఒకే శ్రుతి అనే కట్టుబాటు లేదు. 'ఏ' స్వరం సెకనుకు 440 కంపనాలుగా ఉండాలన్న అంతర్జాతీయ ఒప్పందం 1939లో గాని కుదరలేదు.

మొదటి నెల పాట జోలికి పోవద్దు. నలుగురూ గుండ్రంగా కూర్చుని, తంబూరా వేసుకుని, బాస్ మంద్ర షడ్జం, టెనర్ దానిపై పంచమం, ఆల్టో ఆ పై షడ్జం పట్టుకోవాలి. ఆ మూడూ కదలకుండా నిలిచిన తర్వాతే సొప్రానో ఆపైన అంతర గాంధారంతో (షడ్జానికి నాలుగు అరస్వరాల పైనున్న గాంధారంతో) చేరాలి. అకారంతో ఒకసారి, ఉకారంతో ఒకసారి. ఇక్కడే కర్ణాటక సంగీతం విన్న చెవి తన విలువ చూపిస్తుంది. ఒక స్థాయిని, అంటే షడ్జం నుంచి పై షడ్జం వరకు ఉన్న దూరాన్ని, 1200 సెంట్లుగా విభజిస్తే కీబోర్డు మీది గాంధారం షడ్జానికి 400 సెంట్ల ఎత్తున ఉంటుంది. తంబూరా మంద్ర షడ్జపు తీగలో నుంచి తనంతట తాను పుట్టే స్వయంభూ గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది. ఈ 14 సెంట్ల తేడాయే పదహారో శతాబ్దపు ఇటలీ స్వరకర్త పాలెస్ట్రీనా కాలపు సంగీతాన్ని బతికించేదీ చంపేదీ. గాంధారం ఆ చోటికి దిగి కూర్చున్న క్షణాన గదిలో ఎవరూ పాడని ఒక సన్నని స్వరం పైన మోగినట్టు వినిపిస్తుంది. అది ఒక్కసారి విన్న బృందం మళ్లీ కీబోర్డు అడగదు. అందుకే సాధనలో కీబోర్డు మీద పార్టులు వాయించి నేర్పవద్దని గట్టిగా చెబుతాను.

అయితే పాట మొదలైన తర్వాత తంబూరాను ఆపేయాలి. మన సంగీతంలో షడ్జం పాట చివరి వరకు కదలదు. ఈ సంగీతంలో అడుగడుగునా కదులుతుంది. షడ్జ, గాంధార, పంచమాలు ఒకేసారి పలికే కలయిక నుంచి పంచమ, నిషాద, రిషభాల కలయికకు వెళ్లినప్పుడు ఇప్పటిదాకా ఆసరాగా ఉన్న పంచమమే ఆధారమవుతుంది, షడ్జం నుంచి దిగిన గొంతు పాడే నిషాదం దానికి గాంధారమవుతుంది. ఆ నిషాదం పంచమంతో, అంతర గాంధారం షడ్జంతో కలిసినంత తీయగా కలవాలి. ప్రతి గాయకుడూ 'ఈ క్షణంలో నేను ఆధారమా, పంచమమా, గాంధారమా?' అని తెలుసుకుని పాడాలి. తన కాగితం మీద ప్రతి నిడుపాటి స్వరం పక్కన ఆ విషయాన్ని పెన్సిలుతో రాసుకోవడం మంచి అలవాటు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రతి కలయికనూ పూర్తి శుద్ధంగా పాడుతూ పోతే, కొన్ని స్వరక్రమాల దగ్గర బృందమంతా ఒక ప్రమాణ శ్రుతి, అంటే 81/80 నిష్పత్తి, దాదాపు 22 సెంట్ల మేర దిగిపోతుంది. పాట ముగియగానే తంబూరాతో పోల్చి చూసుకోండి. దిగితే ఎవరినీ తప్పుపట్టకుండా ఎక్కడ దిగిందో వెతికి, ఆ చోట ఒక కలయిక నుంచి తర్వాతి కలయికకు మారకుండా నిలిచే స్వరం ఎవరిదో గుర్తించి, దాన్ని ఆ గొంతు కదలనీయకుండా పట్టుకునేలా సాధన చేయండి.

గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపి పలికే అలంకారాన్ని, విడిచిపెట్టడం మనవారికి అన్నిటికంటే కష్టం. శుద్ధ స్వరాన్ని నిలిపి పాడమంటే గొంతు తెలియకుండానే ఊగుతుంది, కింది స్వరం నుంచి జారి పైకి చేరుతుంది. దీన్ని గాయకుల లోపంగా ఎంచకూడదు; పదేళ్ల సాధన ఇచ్చిన సంస్కారం అది. సరళీ స్వరాలను తొలి రోజుల్లో నేర్చినట్టే, ఏ అలంకారమూ లేకుండా విలంబకాలంలో రోజూ పావుగంట పాడితే రెండు నెలల్లో నిలకడ వస్తుంది. చర్చి నుంచి వచ్చినవారికి కూడా ఇదే మందు.

స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) నేర్చుకోవడం తప్పనిసరి, కానీ దానికి భయపడనక్కరలేదు. పదకొండో శతాబ్దంలో గీడో ద అరెత్సో అనే సన్యాసి ఉత్, రే, మీ, ఫా, సోల్, లా అన్న అక్షరాలతో పిల్లలకు పాట నేర్పాడు. మన సరిగమలు అదే పని చేస్తాయి. ఆనాటి స్వరవరుసలైన మోడ్‌లకు స్వరస్థానాల వరకు మనకు తెలిసిన మేళాలే (ఏడు స్వరాల మూల వరుసలే) దొరుకుతాయి: డోరియన్‌కు ఖరహరప్రియ, ఫ్రిజియన్‌కు తోడి, మిక్సోలిడియన్‌కు హరికాంభోజి. స్వరస్థానాల దగ్గరే ఆగండి. తోడి రాగభావం అందులోకి వచ్చిందంటే పాట చెడుతుంది.

లాటిన్ మాటలను తెలుగు లిపిలో రాసుకోండి. ఇటలీ పద్ధతి ఉచ్చారణకు మన అ, ఎ, ఇ, ఒ, ఉ దాదాపు సరిగ్గా సరిపోతాయి, ఇది మనకు పెద్ద వరం. ఇంగ్లీషు అలవాటు కొద్దీ ట, డ పలకకుండా త, ద పలకాలి. 'ఆగ్నుస్' అని కాక 'ఆన్యుస్ దేయి' అనాలి. పాడే ముందు నలుగురూ మాటలను లయలో చదవాలి. చేతితో వేసే లెక్క సమంగా కిందికీ పైకీ సాగాలి. ఆవృత్తం మొదట్లో సమం మీద పడే బరువు ఇక్కడ ఉండదు, బరువు మాట ఎక్కడ కోరితే అక్కడ పడుతుంది.

వారానికి రెండు సార్లు, తొంభై నిమిషాల చొప్పున కలవండి. సీలింగ్ ఫ్యాను తిరిగే గదిలో గాంధారం తేడా వినిపించదు, ఏసీ మోత ఇంకా చేటు. గుంటూరు ఎండల్లో దీనికి ఒకటే దారి: ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టి ఎండ ఎక్కేలోగా ముగించడం. టైల్స్ నేల, ఎత్తైన కప్పు, తక్కువ సామాను ఉన్న గది దొరికితే వదలవద్దు.

మొదటి పాటగా పదహారో శతాబ్దపు ఇంగ్లీషు స్వరకర్త టాలిస్ కట్టిన 'టాలిస్ కానన్' తీసుకోవచ్చు. ఒకే వరుసను కొంత వెనుకగా ఇంకొక గొంతు అందుకుంటుంది కాబట్టి నేర్చుకోవలసింది ఒక్క వరుసే. తర్వాత 1605లో అచ్చయిన బర్డ్ 'ఆవే వేరుమ్ కోర్పుస్' నాలుగు గొంతులకూ నిజమైన పరీక్ష. జి స్వరాన్ని షడ్జమనుకుంటే, ఆరంభంలోనే సొప్రానో కాకలి నిషాదం (పై నిషాదం) పాడిన వెంటనే బాస్ కైశికి నిషాదం (దానికి అరస్వరం కిందిది) అందుకుంటుంది. మన చెవికి తప్పు అనిపించే ఆ ఘర్షణను సర్దకూడదు. రెండు నిషాదాలనూ వాటి చోట నిర్భయంగా నిలబెట్టాలి.

ఆధునిక సంగీతంలో ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పార్ట్ దగ్గర మొదలుపెట్టడం మనకు సులువు. 1976 నుంచి ఆయన అనుసరించిన పద్ధతిలో ఒక గొంతు మేళంలో మెట్టు మెట్టుగా నడుస్తుంటే, తోడు గొంతు షడ్జ, గాంధార, పంచమాలు మాత్రమే పలుకుతుంది. తంబూరా నీడలో పెరిగినవారికి ఇది వివరించనక్కరలేదు. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్లు జరిగిన రెండు రోజులకు ఆయన రాయడం మొదలుపెట్టిన 'దా పాచెమ్ దోమినే' నాలుగు గొంతుల బృందానికి తగినది. స్వరాలు తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. ఊపిరి మీద పట్టు లేనివారు దాన్ని ముందుగా ఎత్తుకోకూడదు. ఒక సంవత్సరం గడిచాక మన ఊరి స్వరకర్త ఎవరినైనా తెలుగు పద్యానికి నాలుగు గొంతుల రచన చేయమని అడగండి. గురు లఘువులు చెడకుండా, నాలుగు గొంతులూ నాలుగు మాటలు పలికినప్పుడు పద్యం వినబడకుండా పోకుండా చూడమని ముందే చెప్పాలి.

పాత రచనల నొటేషన్ కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. జీవించి ఉన్న స్వరకర్తల రచనలకు మాత్రం గాయకుడికొక ప్రతి చొప్పున కొనాలి, జిరాక్సు తీయవద్దు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 సంవత్సరాల వరకు హక్కు ఉంటుంది.

కచేరీకి పెద్ద ఆడిటోరియం వద్దు. మేము మొదటిసారి పాడింది ఒక ఫంక్షన్ హాలులో; మైకులు పెట్టిన అబ్బాయి మంచి మనసుతోనే ఎకో కలిపాడు, నెలల తరబడి కూర్చిన గాంధారాలన్నీ అందులో కరిగిపోయాయి. వంద మంది పట్టే, ఎత్తైన కప్పున్న పాత చర్చి అయితే మైకు అక్కరలేదు. గోడల మోత ఎక్కువగా ఉన్న చోట నడక కొంచెం తగ్గించండి. మైకు తప్పనిసరైతే మనిషికొకటి కాక, బృందానికి ఎదురుగా రెండు మూడు మీటర్ల దూరంలో ఒక జత చాలు. క్రిస్మస్ వారాల్లో క్వైర్ మిత్రులకు తీరిక ఉండదు కనుక జనవరి చివర, ఫిబ్రవరి అనుకూలం. నలభై ఐదు నిమిషాల కార్యక్రమం వేసుకుని, ప్రతి పాటకూ తెలుగు అర్థం అచ్చువేసి పంచండి. శ్రుతి అందించే పని ఒకరికే అప్పగించాలి. ఆ ఒక్కరు ట్యూనింగ్ ఫోర్కును చెవి దగ్గర పెట్టుకుని, తక్కినవారికి మాత్రమే వినిపించేంత మెల్లగా తొలి కలయికను కింది నుంచి పైకి పలికి, అందరి కళ్లలోకీ ఒకసారి చూసి ఊపిరి తీసుకోవాలి.