మొనాడ్‌నాక్ పర్వతం ఎక్కి, ఎక్కిన వైపుకే క్షేమంగా దిగడం ఎలా?

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు నైరుతి మూలన, చుట్టుపక్కల దీటైన కొండ మరొకటి లేకుండా ఒంటరిగా నిలబడిన మొనాడ్‌నాక్ పర్వతం ఎత్తు 3,165 అడుగులే. బోస్టన్ నుంచి కారులో సుమారు గంటన్నరలో చేరుకోవచ్చు కాబట్టి, అక్టోబరులో ఆకులు రంగు మారే వారాంతాల్లో ఇక్కడికి జనం తిరునాళ్లకు వచ్చినట్టు వస్తారు. వారిలో చాలామంది ఎక్కడానికి మాత్రమే సిద్ధపడి ఉంటారు. చిక్కంతా దిగేటప్పుడు వస్తుంది.

జాఫ్రీ అనే ఊరి వైపున ఉన్న స్టేట్ పార్కులో కారు నిలుపుకొనే చోటును ముందే ఆన్‌లైన్‌లో రిజర్వు చేసుకోవాలి. కుక్కలను పార్కులోకి రానివ్వరు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, గాలిని ఆపే జాకెట్, హెడ్‌ల్యాంపు, కాగితపు మ్యాపు, గట్టి పట్టున్న బూట్లు చాలు. జీన్స్ వేసుకోకూడదు. ఎనిమిదిలోపు నడక మొదలుపెట్టాలి. ఆ తర్వాత బయలుదేరినవారు కొండను కాక, ముందు నడిచేవారి వీపులను చూస్తూ ఎక్కవలసి వస్తుంది.

ఎక్కడానికి తెల్లచుక్క గుర్తులున్న వైట్ డాట్ దారి, దిగడానికి తెల్ల క్రాసు గుర్తులున్న వైట్ క్రాస్ దారి: ఈ క్రమాన్ని తిరగేయకూడదు. వైట్ డాట్ దారి సుమారు రెండు మైళ్లలోనే 1,800 అడుగుల దాకా పైకి తీసుకెళ్తుంది. అంత నిటారు బండలను చేతులు ఆనించి ఎక్కడం సులువే గానీ, అదే దారిన దిగడం మోకాళ్లకు శిక్ష. రూట్ 124 రహదారి మీదుగా వచ్చి, పాత టోల్ రోడ్డు పట్టుకుని, అక్కడి నుంచి తెల్లబాణం గుర్తులున్న వైట్ ఆరో దారిలో ఎక్కితే తేలిక అని కొందరు వాదిస్తారు. అయితే టోల్ రోడ్డు మీద ఆదా అయిన శ్రమనంతా వైట్ ఆరో పైభాగంలోని బండలు వడ్డీతో సహా వసూలు చేస్తాయి.

శిఖరం చేరగానే అందరూ ఫొటోలకు, తిండికి కూర్చుంటారు. కూర్చోకముందే చేయవలసిన పని ఒకటుంది. ఈ కొండ పైభాగమంతా బోడి బండ. పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో, పడిపోయిన చెట్ల మధ్య తోడేళ్లు దాక్కుంటున్నాయని రైతులు నిప్పుపెట్టారని చెబుతారు. ఆ మంటలకు చెట్లు కాలిపోయాయి, ఆపైన వానలకు మట్టి కొట్టుకుపోయింది. మట్టి లేని చోట కాలిబాట అరగదు, అడుగుజాడ పడదు. అందువల్ల దారి ఎటో చెప్పేవి బండమీద వేసిన రంగు గుర్తులూ, పేర్చిన రాళ్ల కుప్పలూ మాత్రమే. చుక్క, క్రాసు, బాణం మూడూ తెల్లరంగువే కావడంతో, తెల్లగా ఏదో కనిపించింది కదా అని దిగిపోయేవారు కొండకు మరో వైపున, తమ కారుకు మైళ్ల దూరంలో తేలుతారు. కాబట్టి పైకి రాగానే వెనక్కి తిరిగి, మీరు వచ్చిన దారి చివరి గుర్తును, దాని పక్కనున్న బండ ఆకారాన్ని చూసి పెట్టుకుని, ఆ వైపు ఒక ఫొటో తీసుకోవాలి. మబ్బు కమ్మితే మీకు అక్కరకు వచ్చేది ఆ ఫొటోయే.

దిగడం మొదలుపెట్టాక, ఒక గుర్తు దగ్గర నిలబడి తర్వాతి గుర్తు కంటికి ఆనిన తర్వాతే అడుగు కదపాలి. కనిపించకపోతే ఉన్నచోటే ఆగాలి, లేదా వెనుక గుర్తు దాకా తిరిగి వెళ్లాలి; ఎటో ఒకవైపు దిగితే అదే దొరుకుతుందిలే అనుకోవడమే అసలు తప్పు. వైట్ డాట్, వైట్ క్రాస్ శిఖరానికి కొద్ది దిగువ వరకు ఒకే దారిగా ఉంటాయి. అవి విడిపోయే చోట ఆగి, క్రాసు గుర్తును ఖాయం చేసుకున్నాకే ముందుకు కదలాలి.

బండ వాలు మీద భయంతో వెనక్కి వాలితే కాలు జారుతుంది. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువును పాదాల మీదే నిలిపి, బూటు అడుగంతా బండకు ఆనేలా చిన్న చిన్న అడుగులు వేయాలి. బండమీద నల్లటి చారలా కనిపించేది నీరు పారే జాడ, దాన్ని దాటి అడుగు వేయాలే తప్ప దానిమీద వేయకూడదు. చేతికర్రలను మడిచి సంచిలో పెట్టేయాలి. బండలమీద కర్ర మొన జారుతుంది, పైగా పట్టుకోవడానికి చేతులు ఖాళీగా ఉండవు. కూర్చుని జరుగుతూ దిగడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు.

ఫాల్కన్ స్ప్రింగ్ అనే ఊట దగ్గర వైట్ క్రాస్ మళ్లీ వైట్ డాట్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి పార్కింగ్ దాకా దారి తప్పే అవకాశం తక్కువ. ఎక్కేటప్పుడు చెట్ల మధ్యలో ఉండగానే వాన మొదలైతే మాత్రం పైబండల జోలికి పోకుండా వెనుదిరగాలి. నిర్లక్ష్యంగా వెళ్లి చిక్కుకున్నవారి నుంచి, వారిని కాపాడడానికి అయిన ఖర్చును వసూలు చేసే చట్టం న్యూ హాంప్‌షైర్‌లో ఉంది.